యాదమ్మ ఊఁ కొట్టిన పాఠం

జూన్ 26, సోమవారం

ఇంతకాలానికి మళ్లీ డైరీ. కారణం పెద్దదేమీ కాదు, మాట్లాడటానికి ఎవరూ లేకపోవడమే.

స్టాఫ్ రూములో హెడ్‌మాస్టర్ గారు టీ తాగుతూ చల్లగా చెప్పారు. ఈ ఏడు నుంచి తొమ్మిదో తరగతి కూడా ఇంగ్లిష్ మీడియమేనట. ఆగస్టులో పైనుంచి ఒక బృందం వచ్చి క్లాసులు చూస్తుందట. "శోభారాణి మేడం, మీకేంది భయం, ఇరవై ఏండ్ల సర్వీసు" అన్నారు. సర్వీసంతా తెలుగులో చేసిందే కదా. మూలకం, సంయోగ పదార్థం, మిశ్రమం అని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఎలిమెంట్, కాంపౌండ్, మిక్చర్ దాకా కూడా ఫరవాలేదు. హోమోజీనియస్ దగ్గరికి వచ్చేసరికి నాలుక మడత పడుతుంది. హెటరోజీనియస్ అయితే అసలు బయటికే రాదు.

కొత్త పుస్తకంలో ఎడమ పేజీ ఇంగ్లిష్, కుడి పేజీ తెలుగు. కన్ను దానంతటదే కుడివైపుకు పోతోంది. అందుకని తెలుగు పేజీలన్నిటికీ జడపిన్నులు పెట్టి మూసేశాను. ఇప్పుడు జుట్టుకు పెట్టుకోవడానికి పిన్నులు లేవు. కోదాడలో నా జుట్టు చూసేవాళ్లు కూడా లేరనుకో.

జూన్ 28, బుధవారం

హోమోజీనియస్. హోమోజీనియస్. హోమోజీనియస్. ఇక అన్నం వండుకోవాలి.

జులై 1, శనివారం

కింది వాటా భాగ్యగారు, ఇంటి ఓనరు, పులిహోర గిన్నె పట్టుకుని పైకి వచ్చింది. గిన్నె వంక మాత్రమే. "ఏమండీ టీచరుగారూ, ఎవరితోనండీ అంత గట్టిగా పోట్లాడుతున్నారు? ఇంగ్లీషులో తిడుతున్నారని మా ఆయన అంటున్నారు" అంది. గదంతా ఒకసారి కళ్లతో వెతికింది. మంచం కింద ఎవరూ లేరని నమ్మకం కలిగాక వెళ్లింది.

పాఠం ప్రాక్టీసు చేస్తున్నానని చెప్పలేకపోయాను. ఇరవై ఏళ్లు చెప్పిన పాఠం గోడకు ఒప్పజెప్పుకుంటున్నానంటే ఏమనుకుంటుంది? ఫోన్లో ఇన్సూరెన్స్ వాళ్లతో అన్నాను. ఇక మీదట గొంతు తగ్గించి చదవాలి.

పులిహోర బాగుంది. ఒక్కదానికి ఎక్కువైంది.

జులై 4, మంగళవారం

త్రిపురారంలో అత్తగారింటి గ్యాసుకు రాయించిన ఫోన్ నంబరు నాదే. పెళ్లైన కొత్తలో నేనే రాయించాను. సిలిండర్ బండి వచ్చినప్పుడల్లా ఓటీపీ కోదాడలో నా ఫోన్లో మోగుతుంది, యాదమ్మ అక్కడి నుంచి ఫోన్ చేస్తుంది. నేను అంకెలు చదువుతాను, ఆమె బండివాడికి చెబుతుంది, అంతటితో అయిపోతుంది. అత్తాకోడళ్లకు మిగిలిన చుట్టరికం ఈ ఓటీపీ ఒక్కటే అని లోలోపల నవ్వుకుంటాను.

ఈ రోజు సాయంత్రం నేను గొణుక్కుంటూ ఉండగానే ఫోన్ ఎత్తాను. అంకెలు చెప్పాక కూడా ఆమె పెట్టేయలేదు.

"ఇందాక ఏందో సదువుతున్నవ్?"

"పాఠం, అత్తమ్మా. ఇంగ్లిష్‌ల చెప్పాలె ఈ ఏడు. నేర్చుకుంటున్న."

"ఎవలకు చెప్తున్నవ్?"

"గోడకు."

"గోడ ఊఁ కొడ్తదా?"

"కొట్టదు."

"మరెట్ల చెప్తవ్? ఊఁ కొట్టేటోళ్లు లేకుంటే ఏ ముచ్చటా ముంగటికి పోదు. మీ మామ కథ చెప్పేటప్పుడు నేను ఒక్క ఊఁ తప్పితే ఆడ్నే ఆపేటోడు. గొర్లు పండుకున్నయి. నాకు చెప్పు."

"ఇంగ్లిష్ అత్తమ్మా. నీకు సమజ్ కాదు."

"ఊఁ కొట్టనీకి ఇంగ్లిష్ రావాల్నా?"

మామ బక్కయ్య కథలు నేను విన్నాను. మధ్యాహ్నం గొర్రెల దగ్గర మొదలుపెట్టి పొద్దుగూకేదాకా సాగదీసేవాడు. వినేవాళ్లు ఊఁ అనకపోతే తుండు దులుపుకుని లేచిపోయేవాడు. సరే, ఒక ముసలావిడ సరదా అనుకుని మొదలుపెట్టాను. మ్యాటర్ ఈజ్ క్లాసిఫైడ్ ఇంటు టూ టైప్స్. అవతల నుంచి "ఊఁ" వచ్చింది. ప్యూర్ సబ్‌స్టెన్సెస్ అండ్ మిక్చర్స్. "ఊఁ." వింతేమిటంటే ఆ ఊఁ రాగానే తర్వాతి వాక్యం దానంతటదే తోసుకొచ్చింది. హెటరోజీనియస్ దగ్గర తడబడితే, "ఆఁ, నిమ్మళంగ" అంది. రెండోసారి వచ్చేసింది.

ఇక్కడే ఒక మాట రాసి పెట్టుకోవాలి. ఆగస్టు ఇరవై మూడున మిర్యాలగూడ కోర్టు. ఫిబ్రవరిలో ఒకసారి సంతకాలు పెట్టాం, ఆర్నెల్లు ఆలోచించుకోమన్నారు. ఆలోచించడానికి ఏముంది, ఇద్దరికీ ఇష్టమే. ఆ రోజు జడ్జిగారి ముందు మళ్లీ ఇష్టమే అంటే విడాకులు వచ్చేస్తాయి. ఆ తర్వాత యాదమ్మ నాకు ఏమవుతుందో ఆ కాగితాల్లో ఎక్కడా లేదు. వకీలును అడిగితే నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆయన గురించి అడగలేదు.

జులై 5, బుధవారం

ఓటీపీ ఏమీ లేదు. అయినా ఫోన్ వచ్చింది.

జులై 12, బుధవారం

రోజూ గొర్రెలు దొడ్లోకి వచ్చాక ఫోన్ చేస్తోంది. నేను డాబా మీదికి వెళ్లి నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుని చెబుతున్నాను. భాగ్యగారు మెట్ల మీద బట్టలు ఆరేసే నెపంతో రెండుసార్లు వచ్చింది. "మీ అత్తగారికా టీచరుగారూ, ఇంగ్లీషు చెబుతున్నారు?" అని నోరు తెరిచింది. అవునన్నాను. ఈసారి ఇన్సూరెన్స్ వాళ్లని తేలేదు.

ఈ రోజు విజాతీయ మిశ్రమం. కలిసినా దేనికది కనపడుతుంది, చేత్తో ఏరుకోవచ్చు అని తెలుగులో కూడా చెప్పాను. ఆమెకు తెలియాలని కాదు, నాకు ఆగాలనిపించక. యాదమ్మ కాసేపు ఊఁ మానేసి తన ముచ్చట పెట్టింది.

"కాలువ కాడ మా మంద, ఎల్లమ్మోళ్ల మంద కలిసిపోయినయి బిడ్డా ఇయ్యాల. ఒకటే తెలుపు, ఒకటే నలుపు. ఆమె పరేషాన్ అయింది, ఎట్ల ఏరాలె అని."

"మరెట్ల ఏరిన్రు?"

"ఏరుడేంది. ఇటు పక్క నిలబడి నేను కూతేసిన. నావి నా దిక్కు వచ్చినయి. కూతకు రాని గొర్రె నాది గాదు."

ఫిల్టర్ పేపరు, వేర్పాటు గరాటు, అయస్కాంతం, స్వేదనం. వేరుచేసే పద్ధతులన్నీ బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పిన దాన్ని. కూత సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. చెప్తే పగలబడి నవ్వింది. ఆమె నవ్వు విని చాలా రోజులైంది. నేను ఆ ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఇంతగా నవ్వేది కాదు. అప్పట్లో మా మధ్య మాటలే తక్కువ. నేను బడికి, ఆమె మందకు, మధ్యలో ఆయన. టీచర్లను కొత్త జిల్లాలకు పంచినప్పుడు నాకు కోదాడ వస్తే, తోటి టీచర్లు ఏడ్చారు కానీ నేను ఏడవలేదు. అప్పటికే ఆయన వారంలో సగం రోజులు మిర్యాలగూడలో వనిత అనే ఆమె దగ్గర ఉంటున్నాడు. నేను పెట్టె సర్దుకుంటుంటే యాదమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. ఆపలేదు. ఆపితే బాగుండేదని అప్పుడు అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది.

ఆయన గురించి అడగలేదు.

జులై 21, శుక్రవారం

ఎడతెగని వాన. బడికి సెలవు. త్రిపురారంలో టవర్ పోయిందో, ఆమె ఫోన్‌కు చార్జింగే లేదో, నిన్నా ఇవాళా ఫోన్ కలవలేదు. గోడకు చెప్పి చూశాను. మూడో వాక్యం దగ్గర ఆగిపోయాను.

ఒక్కదాన్నే ఉండటం నాకు అలవాటైపోయిందని అందరికీ చెబుతుంటాను. అందరికీ అంటే భాగ్యగారికి.

జులై 25, మంగళవారం

సూర్యాపేటలో ట్రైనింగు. పొద్దున్నే బస్సు, సాయంత్రం బస్సు. ట్రైనింగ్ ఇచ్చిన రాజ్‌కుమార్ సారుకు నా కంటే పదిహేనేళ్లు తక్కువ ఉంటాయి. ఇంగ్లిష్ మంచినీళ్లలా తాగేస్తాడు. ఒక్కొక్కరం లేచి ఒక నిర్వచనం చెప్పాలన్నాడు. నా వంతు వచ్చింది. కొల్లాయిడ్. నాకు అక్షరం అక్షరం వచ్చు, మొన్ననే చెప్పాను, యాదమ్మ ఊఁ అంది కూడా. లేచి నిలబడితే హాలంతా నిశ్శబ్దం. నోరు పెగల్లేదు. "ఇట్స్ ఓకే మేడం, టేక్ యువర్ టైమ్" అన్నాడు. ఆ మాట ఇంకా కాలింది. ఏదో గొణిగి కూర్చున్నాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర పక్కనున్నామె మామూలుగా అడిగింది, "మీ సారు ఏం చేస్తరు మేడం?" అని. "మిర్యాలగూడల రైస్ మిల్లు మెకానిక్" అన్నాను. "రోజూ పోయి వస్తరా?" అంది. "వారం వారం" అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చింది! కొల్లాయిడ్ అంత తేలిగ్గా రాలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. చీకటి పడకముందే యాదమ్మ ఫోన్ చేసింది. బస్సు రొదలో కొల్లాయిడ్ నిర్వచనం మొత్తం చెప్పాను. ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. పాలు కలిపిన నీళ్లల్లో టార్చి వేస్తే వెలుగు దారి కనపడుతుంది, ఉప్పునీళ్లల్లో కనపడదు అని తెలుగులో చెప్తే, "పాలల్ల నీళ్లు గలిపితే టార్చెందుకు, నాలిక మీద ఏస్తే తెలుస్తది" అంది.

ఆగస్టు 2, బుధవారం

ఈ రోజు పాఠం సాగలేదు.

నేను మొదలుపెట్టబోతుంటే యాదమ్మ ముందుగానే అంది. "బిడ్డా, ఒక ముచ్చట. ఎవలో చెప్తే వినే కంటె నేనే చెప్త. వనితకు అయిదో నెల."

ఊఁ అన్నాను. ఈసారి ఊఁ కొట్టే వంతు నాది.

"వాడు వచ్చి కూసున్నడు. ఆమెకు ఎవలు లేరట, నన్ను మిర్యాలగూడకు రమ్మంటడు. గొర్లను అమ్మేద్దమంటడు. నాకు మోకాళ్లు కూడ అరిగినయి, మందెనుక తిరగనీకి అయితలేదు. ఏమంటవ్?"

"నన్నడిగితే నేనేమంట అత్తమ్మా. పిల్ల పుట్టే ఇల్లు. పోవాలె."

"ఊఁ" అంది. దూరంగా గొర్రెలు అరుస్తుంటే వినపడింది. నాకు పిల్లలు లేకపోవడం గురించి ఆమె పదమూడేళ్లలో ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. ఊరంతా అన్నది, ఈమె అనలేదు. ఇది ఇప్పుడే గుర్తొచ్చింది. ఉన్నప్పుడు గుర్తు రావలసినవి ఇలాగే ఆలస్యంగా వస్తాయి.

నాకు ఏడుపొచ్చింది. వనిత మీద కాదు, ఆయన మీద కాదు. ఆ ఇంట్లోకి పోయాక యాదమ్మ నాకిక ఫోన్ చేయదు. ఎలా చేస్తుంది, ఏమని చేస్తుంది? పాత కోడలి ఇంగ్లిష్ పాఠానికి ఊఁ కొట్టడానికి కొత్త కోడలి ఇంట్లో మూల ఎక్కడ దొరుకుతుంది?

ఆయన గురించి నేను అడగలేదు. ఆమే చెప్పింది.

ఆగస్టు 5, శనివారం

ల్యాబులో ఇనుప రజను, గంధకం. కలిపి అయస్కాంతం పెడితే ఇనుము అంటుకుని వచ్చింది. మిశ్రమం. వేడి చేసి నల్లటి ముద్ద అయ్యాక పెడితే కదల్లేదు. సంయోగ పదార్థం. పిల్లలు ముద్దను గోళ్లతో గీకి చూశారు.

యాదమ్మకు చెబితే, "మరి ఆ ఇనుము ఎటు పోయింది?" అంది.

"ఎటూ పోలే. అండ్లనే ఉన్నది. కానీ మునుపటి గుణం లేదు. ఏరితే రాదు."

చాలాసేపటికి ఊఁ అంది. ఆమె దేని గురించి ఆలోచించిందో నాకు తెలుసనుకుంటున్నాను. ఈ పోలికలు తెలుగు పండితులు చూసుకుంటారు. నాది సైన్సు.

ఆగస్టు 10, గురువారం

పైనుంచి బృందం వచ్చింది. హైదరాబాద్ మేడం ఒకామె, ఇద్దరు సార్లు. మా హెడ్‌మాస్టర్ గారు ఇస్త్రీ చొక్కాలో పెళ్లికొడుకు మేనమామలా తిరిగారు. నా క్లాసులో వెనక బెంచీ మీద ముగ్గురూ కూర్చున్నారు.

గుడ్ మార్నింగ్ అయింది. బోర్డు మీద క్లాసిఫికేషన్ ఆఫ్ మ్యాటర్ అని రాశాను. "మ్యాటర్ ఈజ్ క్లాసిఫైడ్ ఇంటు టూ టైప్స్" అన్నాను.

ఆగాను.

మరిచిపోయి కాదు. తర్వాతి వాక్యం నోట్లోనే ఉంది. ఊఁ కోసం ఆగాను. నెల రోజులుగా ఒక్క వాక్యం కూడా ఊఁ లేకుండా దాటలేదు కదా, కాళ్లు అక్కడే ఆగిపోయాయి. క్లాసంతా నిశ్శబ్దంగా ఉంది. హెడ్‌మాస్టర్ గారు గుమ్మంలో నిలబడి దగ్గారు. హైదరాబాద్ మేడం పెన్ను తీసింది. ఎక్కడి నుంచి వచ్చిందో, నా నోట్లోంచి తెలుగులో వచ్చేసింది: "ఊఁ కొట్టుండ్రి."

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండో బెంచీలో సాలి, తండా నుంచి వచ్చే పిల్ల, క్లాసులో నోరే విప్పదు, అది చటుక్కున "ఊఁ" అంది. అంతే, నాకు దారి దొరికింది. ప్యూర్ సబ్‌స్టెన్సెస్ అండ్ మిక్చర్స్. ఈసారి నలుగురైదుగురు ఊఁ అన్నారు. ఎలిమెంట్స్ అండ్ కాంపౌండ్స్ దగ్గరికి వచ్చేసరికి క్లాసంతా ఒక్క గొంతుతో ఊఁ. కరెంటు పోయినా తెలియనంత హోరుగా సాగింది. హెటరోజీనియస్ నూనెలో జారినట్టు వచ్చింది. మిక్చర్ పొట్లం విప్పి చూపించాను, పల్లీలు వేరు, బూందీ వేరు, కారప్పూస వేరు అని. తర్వాత అడిగితే పిల్లలు చెప్పారు. సాలి సస్పెన్షన్‌కు వాగు నీళ్లు ఉదాహరణ చెప్పింది, ఇంగ్లిష్‌లోనే.

మేడం చివర్లో అడిగింది, "వాట్ ఈజ్ దిస్ ఊఁ?" అని.

"లిజనింగ్, మేడం" అన్నాను.

రాసుకుంది. స్టూడెంట్స్ ఆర్ రెస్పాన్సివ్ అని రిమార్కు వచ్చిందట. "బడా, బుర్రకథా మేడం ఇది" అని హెడ్‌మాస్టర్ గారు అన్నారు కానీ, నవ్వుతూనే అన్నారు.

సాయంత్రం యాదమ్మకు చెబితే మొదట నమ్మలేదు. "అంత మంది పోరగాండ్లు ఊఁ కొట్టిన్రా? ఇగ నాతోని పనేముంది నీకు" అంది. ఆటకే అంది. "ఇంక చాన పాఠాలున్నయి అత్తమ్మా" అన్నాను. పరమాణువులు, అణువులు, గమన నియమాలు, ధ్వని. ఏడాది మొత్తానికి సరిపడా ఉన్నాయి.

ఆగస్టు 19, శనివారం

గొర్రెలను అమ్మేశారు. యాదమ్మే చెప్పింది, గొంతు బొంగురుపోయి ఉంది.

"లారీ తెచ్చిన్రు. ఎక్కించేటప్పుడు ఒక్కటే అరుపులు. నా దిక్కే సూస్తున్నయి. నేను నోరు మూసుకొని నిలబడ్డ."

"ఒక్కసారన్న మాట్లాడకపోయినవ్ అత్తమ్మా వాటితోని."

"కూతేస్తే లారీలకెల్లి దుంకుతయి బిడ్డా. కాళ్లు ఇరుగుతయి. అమ్ముకున్నంక పిలవద్దు."

రేపు ఆయన వచ్చి ఆమెను మిర్యాలగూడ తీసుకుపోతాడు. "పాఠం చెప్పు" అంది. నాకు ఏ వాక్యమూ గుర్తు రాలేదు. గుర్తుందని చెప్పి, మొదటి పాఠమే మళ్లీ చెప్పాను. ఆమె మొదటిసారి విన్నట్టే ఊఁ కొట్టింది.

ఆగస్టు 22, మంగళవారం

రేపటికి సెలవు పెట్టాను. లెటర్లో కారణం: సొంత పని.

ఆగస్టు 23, బుధవారం

హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ. కోర్టు వరండాలో ఆయన ముందే వచ్చి ఉన్నాడు. చొక్కా కొత్తది. కొంచెం లావయ్యాడు.

"బాగున్నవా?" అన్నాడు.

"ఆఁ."

"బస్సు టైముకు దొరికిందా?"

"దొరికింది."

పదమూడేళ్ల కాపురం తర్వాత మా ఇద్దరికీ మిగిలింది బస్సు టైము.

యాదమ్మ వచ్చింది. నేను అనుకోలేదు. వరండా ఆ చివర బల్ల మీద కూర్చుని ఉంది, నేను పోయినేడు పంపిన ముదురు ఆకుపచ్చ చీర కట్టుకుని. చేయి ఎత్తబోయాను. ఆమె నన్ను చూసింది. చూసి, ముఖం గోడవైపు తిప్పుకుంది.

పొరపాటున తిప్పుకుందనుకుని మళ్లీ చూశాను. గోడవైపే ఉంది. పేరు పిలిచారు, లోపలికి వెళ్లాను. జడ్జిగారు అడిగారు, ఎవరి బలవంతమూ లేదు కదా అని. ఇష్టపూర్వకంగానే అన్నాను. నోరు తడబడలేదు. సంతకం పెట్టి బయటికి వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది.

తిరుగు ప్రయాణంలో హుజూర్‌నగర్ బస్టాండులో మిక్చర్ పొట్లం కొన్నాను. గదికి వచ్చి పేపరు మీద పోసి, పల్లీలు ఒక పక్కకు, బూందీ ఒక పక్కకు, కారప్పూస ఒక పక్కకు ఏరాను. ఆయన ఎప్పుడూ పల్లీలు ఏరుకు తినేవాడు, నాకు కారప్పూస మిగిలేది. నేను పోట్లాడేదాన్ని. ఈ రోజు పల్లీలన్నీ నావే. నాకు పల్లీలు ఇష్టం లేదని తిన్నాక తెలిసింది.

ఆయన పోయినందుకు కాదు ఈ బాధ. ఆమె ముఖం తిప్పుకున్నందుకు. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ అదే నిజం.

ఆగస్టు 24, గురువారం

ఫోన్ రాలేదు.

ఆగస్టు 26, శనివారం

రాలేదు. నేను చేయవచ్చు. చేస్తే ఆ ఇంట్లో మోగుతుంది, ఎవరు ఎత్తుతారో. నేనేమీ ఎదురుచూడటం లేదు. డాబా మీదికి గాలి కోసం వెళుతున్నాను.

ఆగస్టు 29, మంగళవారం

గ్యాసు కంపెనీ నుంచి మెసేజ్. మీ కనెక్షన్‌కు ఉన్న ఫోన్ నంబరు మార్చబడింది. ధన్యవాదాలు.

ఆగస్టు 31, గురువారం

క్లాసులో పిల్లలు ఇప్పుడు అడక్కుండానే ఊఁ కొడుతున్నారు. పక్క క్లాసు తెలుగు మాస్టారు ఫిర్యాదు చేశాడు. ఊఁ వినపడిన ప్రతిసారీ నా చూపు బల్ల మీది ఫోన్ వైపు పోతోంది. ఈ రోజు వద్దని చెప్పాను. సాలి ముఖం చిన్నబుచ్చుకుంది.

భాగ్యగారు అడిగింది, "ఈ మధ్య మీ అత్తగారికి పాఠం చెప్పడం లేదేమండీ?" అని. "సిలబస్ అయిపోయింది" అన్నాను.

సెప్టెంబర్ 2, శనివారం

పొద్దు గూట్లో పడే వేళ బట్టలు తీయడానికి డాబా మీదికి వెళ్లాను. ఫోన్ మోగింది. ఆమె నంబరే. చేతిలో తువ్వాలు కింద పడింది, తీయలేదు.

అవతల చాలాసేపు ఆయాసం మాత్రమే వినపడింది.

"అత్తమ్మా" అన్నాను. అనకూడదేమోనని తర్వాత అనిపించింది.

"ఆగు బిడ్డా. మెట్లెక్కి వచ్చిన. మోకాళ్లు పీక్కపోతున్నయి." మళ్లీ ఆయాసం. "ఈడ గోడలు పలుచన. అందుకని మేడ మీదికి వచ్చిన. ఎప్పటిసంది ఎక్కుదామంటే ఎవలో ఒకలు ఎనుకనే వస్తున్నరు, పడ్తవ్ పడ్తవ్ అనుకుంట. ఇయ్యాల ఇద్దరు దవాఖానకు పోయిన్రు."

కోర్టులో ముఖం ఎందుకు తిప్పుకున్నావని అడగాలని పది రోజులుగా మనసులో తయారు చేసుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఆమె నేను అడిగినట్టే చెప్పింది.

"కోర్టు కాడ నిన్ను సూడలే అనుకున్నవా? సూసిన. మంచిగ లేవు, చిక్కినవ్. సూస్తే పిలుస్త. పిలిస్తే నువ్వు వస్తవ్. నా కాడికి వచ్చి కూసున్నంక ఇగ లోపలికి పోయి సంతకం పెడ్తవా? పెట్టవ్. ఆగమైతవ్. అందుకే గోడ దిక్కు తిరిగిన."

నాకు లారీ ఎక్కిన గొర్రెలు గుర్తొచ్చాయి. ట్యాంకు పక్కన కూలబడి ఏడ్చాను, ఫోన్ నోటికి దూరంగా పెట్టి. ఆమెకు వినపడే ఉంటుంది. ఏడుపు అయ్యేదాకా ఆగింది.

"మరి ఇప్పుడెందుకు పిలిచినవ్?" అన్నాను చివరికి.

"అప్పుడు పెట్టాల్సిన సంతకం ఉండె. ఇప్పుడేమున్నది?" అంది. "చెప్పు ఇగ. వాళ్లు వచ్చేదాక టైమున్నది. యాడ ఆపినం?"

ఎక్కడ ఆపామో నాకు గుర్తు లేదు. మొదటి నుంచి మొదలుపెట్టాను. మ్యాటర్ ఈజ్ క్లాసిఫైడ్ ఇంటు టూ టైప్స్. "ఊఁ." ప్యూర్ సబ్‌స్టెన్సెస్ అండ్ మిక్చర్స్. "ఊఁ." మిక్చర్స్‌లో రకాలు, సొల్యూషన్, కొల్లాయిడ్ అన్నాను.

ఊఁ రాలేదు.

"అత్తమ్మా?"

"నడుమ ఒకటి ఇడిసిపెట్టినవ్" అంది. "కదపకుంట పెడితే అడుక్కు దిగేది. మన్ను నీళ్లు. సస్‌పెన్సనో ఏందో."

సస్పెన్షన్. వెనక్కి వెళ్లి మళ్లీ చెప్పాను. సొల్యూషన్, సస్పెన్షన్, కొల్లాయిడ్.

"ఊఁ" అంది.

కిందికి దిగి ఇది రాస్తుంటే తెలిసింది. ఆయన గురించి అడగలేదు. అడగాలని గుర్తే రాలేదు.